మెరుపు ఆఖరున: పాత అంబాసిడర్ రబ్బరు పనికి వ్యాఖ్యానం

మూలం: తుప్పు తీసి, రంగు ఆరాక, అద్దాన్ని తాడుతో ఎక్కించి, తలుపు రబ్బరును లాగకుండా అంటించి, నీళ్లు పోసి చూసి, ఆఖరున మెరుపు బిగించాలి.

ఈ వాక్యం ఏ గ్రంథంలోదీ కాదు, నేను కట్టినదే. పాత కారుకు తుప్పు తీయడం నుంచి ఆఖరి మెరుపుదాకా ఉండే పని మొత్తం ఇందులో ఉంది, వరుసతో సహా. ఆ వరుస తప్పబట్టే చాలా కార్లు చూడ్డానికి పెళ్లికొచ్చినట్టు ఉండి, మొదటి వానకే లోపల మడుగు కడతాయి. ఉదాహరణకు అంబాసిడర్‌ను తీసుకుంటున్నాను. మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చులో పుట్టి, 2014 మేలో ఉత్తర్‌పారా కర్మాగారం మూతపడేదాకా తయారైన కారది. ఊరు చింతూరు అనుకుందాం. శబరి నది పక్క, మారేడుమిల్లి ఘాట్ దిగువ, జాతీయ రహదారి 30 మీద. వానాకాలంలో ముసురు, ఎండాకాలంలో లారీలు లేపే దుమ్ము. రబ్బరు బాగా కుదిరిందో లేదో పరీక్షించడానికి ఇంతకన్నా కఠినమైన చోటు వెతకనక్కర్లేదు.

తుప్పు తీసి: అంబాసిడర్‌కు జీపులాగా విడి ఛాసిస్ లేదు. బాడీయే బరువు మోస్తుంది. కాబట్టి తలుపుల కింద ఉండే సిల్లు తుప్పు పడితే చెడేది అందం ఒక్కటే కాదు, కారు బలమే తగ్గుతుంది. ఆ తుప్పుకు నీళ్లు తరచూ పైనుంచే వస్తాయి. ముందు అద్దం రబ్బరు గట్టిపడి పగిలితే, అక్కడ దిగిన నీళ్లు డాష్‌బోర్డు వెనకగా జారి కాళ్ల దగ్గర కార్పెట్ కింద నిలుస్తాయి. యజమానేమో కింద రేకు పోయిందని రేకు మారుస్తాడు, పైన రబ్బరు జోలికి పోడు. రెండేళ్లకు మళ్లీ అదే కథ.

పాత రబ్బరు ఊడదీయగానే అద్దం కూర్చునే రేకు అంచు బయటపడుతుంది. అక్కడ చిల్లులుంటే పుట్టీ పెట్టి నున్నగా చేయడం మన షెడ్లలో మామూలే. అది పనికిరాదు. రబ్బరు నొక్కుడుకు పుట్టీ పెచ్చులూడుతుంది. కొత్త రేకు అతికి, వెల్డింగు గడ్డలు లేకుండా గ్రైండింగు చేయాలి. ఒక్క గడ్డ మిగిలినా అద్దం ఆ చోటే పగులుతుంది. పాత రబ్బరును మాత్రం చెత్తలో వేయకండి. కొత్తది సరిగ్గా కుదిరేదాకా దాని పొడవు, గాడి ఆకారం, ఏ పెదవి లోపలికి, ఏది బయటికి అన్నది చెప్పే సాక్ష్యం అదొక్కటే.

రంగు ఆరాక: పైకి ఆరినట్టు కనిపించినా రంగు లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది. దాని మీద రబ్బరు బిగిస్తే అచ్చు పడుతుంది, కొన్నిసార్లు రంగే రబ్బరుకు అంటుకొచ్చేస్తుంది. ముసురు పట్టినప్పుడు ఇంకా ఎక్కువ ఆగాలి. దీని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు, ఓపిక పట్టడమే.

అద్దాన్ని తాడుతో ఎక్కించి: ఇది ఇద్దరి పని. ముందు రబ్బరును అద్దం చుట్టూ తొడగాలి. రేకును పట్టుకునే రెండో గాడిలో సన్నటి నైలాన్ తాడును చుట్టూ తిప్పి, కొసలు రెండూ కింద మధ్యలో ఒకదాని మీదొకటి వచ్చేలా వదలాలి. రేకు అంచుకు సబ్బునీళ్లు రాసి, అద్దాన్ని బయటి నుంచి చట్రంలో ఆనించాలి. తాడు కొసలు కారు లోపల ఉంటాయి. లోపల కూర్చున్నవాడు ఒక కొసను అద్దం మధ్యవైపు మెల్లగా లాగుతుంటే, రబ్బరు పెదవి రేకు అంచు మీదుగా లోపలికి తిరగబడుతుంది. తాడు ఎక్కడికొస్తే బయటివాడు అక్కడే అరచేత్తో అద్దాన్ని అదమాలి. “అన్నా, మూల దగ్గర ఆగు, అక్కడ బిగిసింది” అని లోపలి కుర్రాడు అంటే ఆగాల్సిందే. మూలల్లో తొందరపడితే రబ్బరు చిరుగుతుంది, స్క్రూడ్రైవరుతో ఎగదోస్తే అద్దం పగులుతుంది. రబ్బరును ముందుగా ఎండలోనో వేడినీళ్లలోనో ఉంచితే మెత్తబడి చెప్పినట్టు వింటుంది.

సబ్బునీళ్లని ఊరికే అనలేదు. జారడానికని గ్రీజో డీజిలో కిరోసినో రాసేవాళ్లున్నారు. ఇప్పుడొచ్చే మంచి బీడింగులు, అంటే ఈ రబ్బరు పట్టీలు, చాలావరకు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరువి. ఎండనూ గాలిలోని ఓజోనునూ సహజ రబ్బరుకన్నా బాగా తట్టుకుంటాయి. కానీ పెట్రోలు జాతి నూనెలు తగిలితే ఉబ్బి వదులైపోతాయి. సీలెంటు విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదిలి రేకును తుప్పు పట్టిస్తుంది. గట్టిపడని మాస్టిక్ వాడండి.

తలుపు రబ్బరును లాగకుండా అంటించి: ముందు తలుపు సరిగ్గా వేలాడాలి. హింజీలు అరిగి కిందికి దిగిన తలుపును ఏ రబ్బరూ కాపాడలేదు. తలుపు చుట్టూ సందు సమంగా వచ్చాకే బీడింగు ముట్టాలి. జిగురును రెండు వైపులా పలచగా రాసి, వేలికి అంటనంతగా ఆరాక అదమాలి. అంటించేటప్పుడు చేయి తెలియకుండానే రబ్బరును సాగదీస్తుంది. సాగిన రబ్బరు కొన్నాళ్లకు తన పొడవుకు తాను వచ్చేసి మూలల్లో సందు వదులుతుంది. కాబట్టి మూలల్లో కాస్త కుదించి పెట్టాలి. అతుకు పైన రాకూడదు, కింద రావాలి. పొడవు వేలెడు ఎక్కువే ఉంచి, చివర్న కోసి, రెండు కొసలూ ఒకదాన్నొకటి నెట్టుకునేలా కలపాలి.

కొత్త రబ్బరుతో తలుపు బిగుతుగా పడుతుంది. కంగారుపడి తలుపు వంచకండి. లాక్ పడే స్ట్రైకరును కాస్త సర్ది, కొన్నాళ్లు రబ్బరును అణగనివ్వండి. ఆనిందో లేదో తెలియడానికి ఒక కాగితం ముక్క చాలు. తలుపు సందులో పెట్టి మూసి లాగండి. చుట్టూ ఒకే బిగువుతో రావాలి. జారి వచ్చేసిన చోటే దుమ్ము దూరేది.

ఇక్కడే అసలు సంగతి. కారు తలుపు నీళ్లు చొరని పెట్టె కాదు. కిటికీ అద్దం పక్కన ఉండే పట్టీని దాటి కొంత వాన తలుపు లోపలికి దిగుతుంది, దిగాలి కూడా. అది అడుగున ఉన్న కన్నాల్లోంచి బయటికి పోయేలా కారు కట్టారు. పైన కిటికీల మీదుండే గట్టరు ఇంటి చూరు చేసే పనే చేస్తుంది. పెయింటరు పుట్టీతో ఆ కన్నాలు మూసేస్తే, ఎంత ఖరీదైన బీడింగు వేసినా తలుపు లోపలి నుంచే కుళ్లుతుంది. రబ్బరు కొనే ముందు ఒక తీగముక్కతో ఆ కన్నాలు పొడిచి చూడండి, ఖర్చు సున్నా. తలుపు ప్యాడ్ వెనకాల పాలిథీన్ కాగితం మళ్లీ అంటించారో లేదో కూడా చూడండి.

నీళ్లు పోసి చూసి: ప్రెషర్ వాషర్ వద్దు. మామూలు పైపుతో సన్నటి ధార, కింది నుంచి పైకి, ఒక్కో చోట కాసేపు. పై నుంచి మొదలెడితే నీళ్లు అంతటా జారి, ఎక్కడ దూరిందో తెలియదు. ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి. అనుమానమున్న చోట లోపల టాల్కం పౌడరు చల్లితే చుక్క పడ్డ జాడ కనిపిస్తుంది. సీట్లు, కార్పెట్టు వేయకముందే ఈ పరీక్ష జరగాలి.

మెరుపు బిగించాలి: గ్రిల్లు, బంపర్లు, పక్క పట్టీలు, పేరు అక్షరాలు. అందరి కన్నూ వీటి మీదే, అందుకే తొందరపడి ముందే బిగించేస్తారు. ప్రతి క్లిప్పుకూ రేకులో ఒక కన్నం ఉంటుంది, ప్రతి కన్నమూ తుప్పుకు ఒక గుమ్మం. కన్నం అంచుకు ప్రైమరు తగలాలి, కింద రబ్బరు వాషరు ఉండాలి. అల్యూమినియం పట్టీ ఇనుప రేకును నేరుగా తాకితే, తడిలో ఆ రెంటి మధ్య రసాయన చర్య మొదలవుతుంది. ముందు అల్యూమినియం తెల్లపొడి బారుతుంది. బంపరు మీద క్రోమియం చాలా పలుచన, తుప్పును ఆపేది దాని కింది నికెల్. చౌక పూతలో నికెల్ తగ్గిస్తారు, ఏడాదికే చుక్కలు లేస్తాయి.

ఈ లెక్కలో నంబరు ప్లేటూ ఉంది. ప్లేటు దీపం కింద చిన్న రబ్బరు గాస్కెట్ ఎండిపోతే డిక్కీలోకి నీళ్లు దిగేది అక్కడి నుంచే, కానీ దాన్ని ఎవరూ మార్చరు. యాభై ఏళ్లు దాటి అసలు రూపం చెడని కార్లకు 2021 నుంచి కేంద్ర నిబంధనల్లో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. అందుకోసమైనా కొత్త కన్నాలు కొట్టకండి.

ఇక వరద. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. గోదావరి అలా ఎగదన్నితే శబరి నీళ్లు చింతూరు వైపు వెనక్కి తంతాయి. ఏ బీడింగూ దానికోసం పుట్టలేదు. అప్పుడు కారును మెరక మీద పెట్టడమే దారి. మునిగితే తలుపు ప్యాడ్లు ఊడదీసి ఒండ్రు కడగాలి. వానకూ దుమ్ముకూ మాత్రం ఈ పని సరిపోతుంది. చేతిలో డబ్బు తక్కువైతే బంపరు పూత వచ్చే ఏడాదికి వాయిదా వేయండి, రబ్బర్లు మాత్రం ఈ జూన్‌లోపే మార్పించండి.