నల్ల పెన్ను, నీలి నలుపు సిరా

నేను మలేసియాలో పుట్టిన మూడవ తరం తెలుగుదాన్ని. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పాను గాని, అవి తెలుగు పాఠాలు కావు. తెలుగు రాత నలభై దాటిన తరువాత సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నాను. కాబట్టి ఈ వ్యాసంలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి. సంఘం వారు చరిత్ర వ్యాసం కావాలని అడిగారు. రాజుల చరిత్ర రాసేవారు ఎందరో ఉన్నారు. నేను నా చేతిలో ఉన్న పెన్ను చరిత్ర రాస్తాను.

మా తాతగారిది గోదావరి జిల్లా. కంగాణీ వెంట ఓడ ఎక్కి వచ్చి రబ్బరు ఎస్టేటులో చేరారు. ఆయనకు సంతకం రాదు, బొటనవేలి ముద్రే. 1923 లేబర్ కోడ్ ప్రకారం బడియీడు పిల్లలు పదిమంది ఉన్న ఎస్టేటులో యజమాని బడి పెట్టవలసి ఉండేది. అలాంటి బడిలో మా నాన్నగారు నాలుగు తరగతులు తెలుగు చదివారు. తరువాత కత్తి పట్టి చెట్టుకు గాటు పెట్టే పనిలోకి వెళ్ళిపోయారు. మా ఇంట్లో తెలుగు ఉత్తరం రాయగలిగినది ఆయన ఒక్కరే.

ఆయనకు ఒక నల్ల పెన్ను ఉండేది. రాజమండ్రిలో చేసినది. ఊళ్ళో ఉన్న మా పెదనాన్నగారు ఒక ఉత్తరంతో పాటు దాన్ని రాజులా ఓడలో వచ్చే మనిషి చేతికిచ్చి పంపారు. 1973 దాకా మద్రాసు నుంచి పినాంగుకు, సింగపూరుకు నడిచిన ఆ ఓడ మన పెద్దలందరికీ జ్ఞాపకమే. నాన్నగారు పెన్ను తీసుకుని ముందుగా రాయలేదు. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూశారు. "ఇది రబ్బరే" అన్నారు. మేము నవ్వాము. రబ్బరు మెత్తగా సాగుతుంది గాని పెన్ను ఎలా అవుతుందని మా సందేహం.

ఆయన మాటే నిజం. దాని పేరు ఎబొనైటు. చెట్టు పాలను గడ్డకట్టించి తీసిన రబ్బరులో కొద్దిగా గంధకం కలిపి కాస్తే సైకిలు టైరు వంటి రబ్బరు వస్తుంది. గంధకం సుమారు ముప్పై శాతం దాకా కలిపి గంటల తరబడి కాస్తే నల్లచేవ కర్రలాగా గట్టిపడుతుంది. దీనికి అమెరికాలో నెల్సన్ గుడియర్ 1851లో పేటెంటు పొందాడు. ఎబొనైటును రుద్దితే వచ్చేది ఆ గంధకం వాసనే. ఎండలో ఎక్కువ కాలం ఉంటే నలుపు పోయి గోధుమ రంగు తిరుగుతుంది.

ఇక ఆ రబ్బరు సంగతి. బ్రెజిలు విత్తనాల నుంచి లండన్‌లో పెంచిన మొక్కలు 1877లో ఇరవై రెండు సింగపూరుకు చేరాయి. వాటిలో కొన్నిటిని క్వాలా కంగ్సార్‌లో నాటారు. చెట్టు చావకుండా పాలు తీసే పద్ధతిని సింగపూరు తోటల అధికారి రిడ్లీ ప్రచారం చేశాడు. తరువాత ఆ పాలు తీసినవారిలో మన తాతలు, అవ్వలు ఉన్నారు. ఆ సంగతి పెన్నుల పుస్తకాల్లో కనపడదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

ఫౌంటెన్ పెన్నుకు ముందు కథ కూడా మనది ఉంది. తాటాకు మీద గంటంతో రాసేవారు ఆకును ఎడమ చేత పట్టుకుని, ఎడమ బొటనవేలి ఆసరాతో గంటం నడిపేవారు. చెయ్యి అంతగా కదలదు, ఆకే జరుగుతుంది. గీసిన తరువాత మసి పూస్తే అక్షరం కనపడుతుంది. మన లిపి గుండ్రన కావడానికి ఆకు చిరగకుండా ఉండటమే కారణమని చాలామంది చెబుతారు. కాగితం వచ్చాక కరక్కాయ, అన్నభేది కలిపి ఇంట్లోనే సిరా కాచుకునేవారు. మాటిమాటికీ సిరాబుడ్డిలో ముంచే బాధ తీరినది ఫౌంటెన్ పెన్నుతోనే. 1884లో న్యూయార్కులో వాటర్‌మన్ పాళీ కింద ముక్కలో సన్నని గాడులు పెట్టాడు. సిరా దిగుతూ ఉంటే అంత మేరకు గాలి లోపలికి వెళుతుంది. అందుకే సిరా ఒక్కసారిగా కారదు, ఆగిపోదు.

రాజమండ్రి పెన్ను చేసినవారు కోసూరి వెంకటరత్నంగారు. నగల పని తెలిసిన మనిషి. ప్రజలకు రోజూ పనికి వచ్చే స్వదేశీ వస్తువు చేయమని గాంధీగారు చెప్పగా, 1930ల తొలి సంవత్సరాల్లో కలాల పని చేపట్టారు. ఆయన పంపిన కలం కుమారప్పగారి ద్వారా గాంధీగారికి అందింది. బజారులో దొరికే విదేశీ కలాలకు ఇది మంచి బదులు అని మెచ్చుకుంటూ గాంధీగారు 1935 జూలై 16న వార్ధా నుంచి రత్నంగారికి ఉత్తరం రాశారు. ఎబొనైటు కడ్డీని లేతు మీద పెట్టి చేత్తో తిప్పి ఒక్కొక్క పెన్నూ చేయడం ఆ ఊరి పని.

నాన్నగారికి ఆ పెన్నుతో కొన్ని అలవాట్లు ఉండేవి. ఉత్తరం రాసే రోజు స్నానం చేసి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని కూర్చునేవారు. మన దేశపు ఉక్కకు చెయ్యి చెమర్చి నున్నటి లోహపు పెన్ను జారిపోతుంది. ఎబొనైటు అలా జారదు, పట్టుకున్న కాసేపటికి చేతి వేడి పుచ్చుకుంటుంది. మూత వెనక తగిలించేవారు కాదు, బరువు వెనక్కి లాగుతుందని. పాళీ ఎండిపోతే విదిలించేవారు, అందుకే మా గోడ మీద నీలి చుక్కలు. పాళీని తలకు రాసుకుని తుడిచేవారు. ఆయన తెల్లజుట్టులో ఒక చోట నీలి చార ఉండేది! పెన్నును మరొకరికి ఇచ్చేవారు కాదు. పాళీ ఒక చేతి వాటానికి అరిగి ఉంటుందట. పాళీ కొన గట్టి లోహం, అంత తొందరగా అరగదు. అయినా ఆ మాట మీద ఆయనతో వాదించినవారు లేరు.

జేబులో సిరా కారడం గురించి ఒక మాట. సిరా నిండుగా ఉన్న పెన్ను కారదు, అడుగంటిన పెన్నే కారుతుంది. ఖాళీ జాగాలో చేరిన గాలి ఒంటి వేడికి పెరిగి, మిగిలిన సిరాను బయటికి తోస్తుంది. ఇది తెలియక ఎందరో పెన్నును తిట్టి చొక్కాలు పాడు చేసుకున్నారు.

బాల్ పెన్ను వచ్చాక ఈ బాధలన్నీ పోయాయి. బీరో దానికి 1938లో పేటెంటు తీసుకున్నాడు. కాని దానితో నొక్కి రాయాలి. నొక్కి రాసేవారికి మణికట్టు, బొటనవేలు నొప్పి చేస్తాయి. బడిలో పిల్లల నోటు పుస్తకం తిరగేస్తే వెనక పేజీ మీద అక్షరాలు చేతికి తగిలేవి. ఫౌంటెన్ పెన్నుకు ఆ నొక్కుడు అక్కరలేదు, దాని బరువు చాలు.

నాన్నగారు పోయిన తరువాత ఉత్తరాల రేకు పెట్టె తెరిచాము. లైను ఇంటి కప్పు కారి ఎప్పుడో నీళ్ళు దిగాయి. ఉత్తరాలన్నీ నీలి మరకలైపోయాయి. ఊరి వాళ్ళు రాసినది కడిగితే పోయే నీలి సిరాతో. అది ఉత్త రంగు నీళ్ళు. ఒక్క ఉత్తరం మిగిలింది, పెన్నుతో పాటు వచ్చినది. పెదనాన్నగారు దాన్ని నీలి నలుపు సిరాతో రాశారు. మన కరక్కాయ సిరాలాగానే ఆ పాత రకం సిరాలో ఇనుము ఉంటుంది. గాలి తగిలే కొద్దీ నల్లబడి కాగితాన్ని పట్టుకుంటుంది, నీళ్ళకు పోదు. ఉక్కు పాళీని మాత్రం తినేస్తుంది, అందుకని తరచుగా కడగాలి.

ఉత్తరం మిగిలింది గాని మాలో దాన్ని చదవగలిగినవారు లేరు. నేను సాయంకాలపు తరగతికి వెళ్ళింది అందుకోసమే. ఇంగ్లీషు రాతకు అలవాటు పడిన చెయ్యి మొదట మొరాయించింది. అది కుడికి వాలి పరుగెత్తే రాత. మనదేమో అక్కడే గుండ్రంగా తిరిగి, పైకి లేచి తలకట్టు పెట్టి, కిందికి దిగి ఒత్తు ఇచ్చే రాత. వేళ్ళు బిగించి పట్టుకుంటే పది పంక్తులకే నొప్పి. పట్టు వదులు చేసి, పెన్నును కొంచెం పైకి పట్టుకుని, సన్నపాళీ వాడిన తరువాత కుదిరింది. లావు పాళీ మన లిపికి పనికిరాదు. ఒత్తుల పొట్టలు పూడిపోతాయి.

ఆరు నెలలకు ఉత్తరం చదివాను. అందరూ క్షేమమని, పెన్నుతో నెలకొక జాబు రాయమని ఉంది. అడుగున తపాలా ఊరి పేరు "పిరాపురం" అని చదివాను. పటంలో ఎంత వెదికినా ఆ పేరు లేదు. పంతులుగారు భూతద్దం తెప్పించి చూసి, "అమ్మా, లోపల చుక్క ఉంది. అది ర కాదు, ఠ" అన్నారు. పిఠాపురం! ఆ చుక్క ఆవగింజలో సగం కూడా ఉండదు.

నాన్నగారి పెన్నును మూడు రోజులు చల్లటి నీళ్ళలో నానబెట్టి కడిగాను. నీలి నలుపు సిరా పోసి, పిఠాపురం దగ్గరి ఆ పల్లెకు పెదనాన్నగారి ఇంటిపేరుతో ఉత్తరం రాశాను. మూడు చిత్తు ప్రతులు పట్టాయి. ఏడు వారాలకు జవాబు వచ్చింది. ఆయన మనవడు రాశాడు, బాల్ పెన్నుతో. నా ఉత్తరంలో రెండు ఒత్తులు తప్పు పడ్డాయని, వాళ్ళ నాయనమ్మ ఇంకా ఉన్నదని, నాన్నగారి పేరు వినగానే రబ్బరు తోట సంగతి అడిగిందని రాశాడు. ఆవిడకు కళ్ళు సరిగా కనపడవట. ఈసారి కొంచెం పెద్ద అక్షరాలతో రాయమన్నాడు.