తలుపు కంటే ముందే పగిలిన తాళం

ఉప్పల్, నాచారంలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు; వైఫై తరంగాలకు ప్రహరీ తెలియదు. వాటికి కాపలాగా 1997లో పుట్టిన వెప్ గూఢలిపిలోని లోపాన్ని ఫ్లూరర్, మాంటిన్, షమీర్‌లు 2001లోనే బయటపెట్టారు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు లైసెన్సు తొలగినది 2005 జనవరిలో; బీఎస్సెన్నెల్ బ్రాడ్‌బ్యాండు ఆరంభమైనదీ ఆ నెలలోనే. అంటే, పగిలిన తాళమే మన గడపకు చేరిందన్నమాట!

మెరుగైన డబ్ల్యూపీఏ2 2004కే సిద్ధమైనా, దాన్ని ఎంచుకోవలసినది ఇంటివారే. తెరిచి ఉంచితే పొరుగువారికి ఉపకారమనుకునే అమాయకత్వం కూడా ఉండేది. 2008 జూలైలో అహ్మదాబాదు పేలుళ్లకు నిమిషాల ముందు వెలువడిన ఈమెయిలు, నవీ ముంబైలో ఎవరిదో రక్షణ లేని వైఫై గుండా వెళ్లిందని తేలింది. మరుసటి ఏడాది టెలికాం శాఖ ఆదేశాలిచ్చింది. పాత రౌటర్ల మెనూలో మాత్రం వెప్ నేటికీ కొలువుదీరే ఉంది.