జీతంతో పాటు సైడ్ ఇన్‌కమ్ ఉందా? ట్యాక్స్ లెక్క ఇలా

పగలు ఆఫీసు, రాత్రి ఎవరికో వెబ్‌సైట్ పని. లేదా ఆదివారాలు షాదీల్లో ఫొటోగ్రఫీ. మన ఇళ్లలో ఇలాంటి కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. జీతం మీద ఆఫీసు వాళ్లు టీడీఎస్ కోస్తున్నారు కదా, ఇక మనకేం పని అనుకుంటారు. ఆఫీసుకు తెలిసింది జీతం ఒక్కటే. పై డబ్బు లెక్క మనమే చెప్పుకోవాలి, అది నగదుగా వచ్చినా, ఫోన్‌పేలో వచ్చినా సరే.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదు. చిక్కంతా ఈ గీత దగ్గరే. ఒకరి జీతం 12.5 లక్షలు అనుకుందాం. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 11.75 లక్షలు, పన్ను సున్నా. అదే మనిషి వెబ్‌సైట్ పనిమీద 1.2 లక్షలు సంపాదించాడు. సెక్షన్ 44ఏడీఏ కింద అందులో సగం, అంటే 60,000 ఆదాయంగా చూపితే చాలు, ఖర్చుల బిల్లులు అక్కర్లేదు. కానీ మొత్తం 12.35 లక్షలైంది. గీత దాటిన 35,000 మొత్తం పన్నుకే పోతుంది, సెస్‌తో 36,400. వచ్చిన 1.2 లక్షల్లో ముప్పై శాతం! పని ఒప్పుకునే ముందే ఈ లెక్క వేసుకోవడం మంచిది.

పని ఇచ్చిన కంపెనీ వృత్తి ఫీజు కింద 10 శాతం టీడీఎస్ కోస్తే 12,000 ముందే జమ అయినట్టు. మిగిలింది 24,400. ఇలా కట్టాల్సింది 10,000 లేదా అంతకు మించితే రిటర్న్ దాకా ఆగకూడదు, అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి. 44ఏడీఏ వాళ్లకు మార్చి 15లోగా ఒకేసారి కడితే సరిపోతుంది. లేటైతే నెలకు 1 శాతం వడ్డీ. ఈ గొడవ వద్దనుకుంటే పై ఆదాయం సంగతి ఆఫీసు అకౌంట్స్ వాళ్లకు రాసిస్తే జీతంలోనే కోసుకుంటారు. అయితే సైడు పని సంగతి ఆఫీసుకు తెలిసిపోతుంది, అపాయింట్‌మెంట్ లెటర్‌లో దానికి ఒప్పుకుంటారో లేదో ముందు చూసుకోండి.

44ఏడీఏ అందరికీ కాదు. ఐటీ, ఇంజినీరింగ్, డాక్టరీ, లా, అకౌంట్స్ లాంటి వృత్తులకే. ఫొటోగ్రఫీ లాంటిది వ్యాపారం, 44ఏడీ కిందికొస్తుంది: బ్యాంకు ద్వారా వచ్చిన దాంట్లో 6 శాతం, నగదులో 8 శాతం కనీస లాభంగా చూపాలి. ప్లాట్లు అమ్మిపెట్టే కమీషన్‌కు మాత్రం ఈ రెండూ పనికిరావు, అసలు లాభం లెక్కగట్టి ఐటీఆర్-3 వేయాల్సిందే.

చాలామంది ఎప్పటిలా ఐటీఆర్-1 వేసేస్తుంటారు. వృత్తి, వ్యాపార ఆదాయం ఉంటే అది చెల్లదు, 44ఏడీ, 44ఏడీఏ వాళ్లకు ఐటీఆర్-4. ఎప్పుడో ఒకసారి పరీక్ష పేపర్లు దిద్దినందుకు వచ్చిన డబ్బైతే ఇతర ఆదాయం కింద ఐటీఆర్-1లోనే చూపొచ్చు. ఇంకోటి, జీతం ఒక్కటే ఉన్నవాళ్లు పాత, కొత్త విధానాల మధ్య ఏటా మారొచ్చు. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు ఫారం 10-ఐఈఏ ఇచ్చి పాతదానికి వెళ్తే, మళ్లీ కొత్తదానికి రావడానికి ఒక్క ఛాన్సే.

రిటర్న్ వేసే ముందు పోర్టల్‌లో ఏఐఎస్, 26ఏఎస్ తెరిచి చూడండి. మీ పేరున ఎవరెంత కోశారో అక్కడ కనిపిస్తుంది. 2026 ఏప్రిల్ 1 తర్వాత సంపాదనకు కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది, సెక్షన్ల నంబర్లు మారతాయి.