విశ్రాంతి దినం: ఆజ్ఞ ఒక్కటి, సవరణలు ఎన్నో

బైబిల్ ప్రకారం ఏడవ రోజు, అంటే శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా, ఏ పనీ చేయకూడదు. మరి పని అంటే ఏమిటి? ఆ నిర్వచనం గ్రంథంలో ఎక్కడా లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

నేను బి.కాం. చదివి, రక్షణ ఖాతాల శాఖలో పనిచేసి రిటైరయిన వాణ్ణి. ఏ నిబంధన చూసినా దాని ఉద్దేశమేమిటి, మినహాయింపులేమిటి, వాటిని మంజూరు చేసిందెవరు అని అడగటం నాకు అలవాటు. దేవుడి నిబంధన అన్నంత మాత్రాన ఆ ప్రశ్నలు మానుకోవలసిన పని లేదు కదా!

ముందు ఉద్దేశం చూద్దాం. పది ఆజ్ఞలు బైబిల్లో రెండు చోట్ల ఉన్నాయి. దేవుడు ఆరు రోజుల్లో సృష్టి ముగించి ఏడవ రోజు విశ్రమించాడు కాబట్టి మీరూ విశ్రమించండి అంటుంది నిర్గమకాండం 20వ అధ్యాయం. మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నవారే కాబట్టి మీ దాసదాసీలకూ విశ్రాంతినివ్వండి అంటుంది ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం. ఆజ్ఞ ఒక్కటే, కారణాలు రెండు! విశ్రమించవలసినవారి జాబితాలో కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువులు, పరదేశి అందరూ ఉన్నారు. భార్య పేరు మాత్రం లేదు.

ఇక నిషేధాలు. ఇంట్లో నిప్పు రాజేయకూడదు. దున్నకూడదు, కోత కోయకూడదు. యిర్మీయా కాలానికి బరువులు మోయటం, నెహెమ్యా కాలానికి సరుకులు అమ్మటం తప్పయ్యాయి. వ్యాపారులు రాకుండా నెహెమ్యా యెరూషలేము ద్వారాలే మూయించాడు. ఆజ్ఞ మీరితే శిక్ష మరణం. సంఖ్యాకాండం 15వ అధ్యాయంలో ఒకడు ఆ రోజున కట్టెలు ఏరుకుంటూ దొరికాడు. అతణ్ణి జనమంతా కలిసి రాళ్లతో కొట్టి చంపారు. అదే గ్రంథం 28వ అధ్యాయం మాత్రం యాజకులు ఆ రోజున అదనంగా రెండు గొర్రెపిల్లల్ని దహనబలి ఇవ్వాలంటుంది. పేదవాడి పొయ్యికి లేని మినహాయింపు బలిపీఠానికి ఉందన్నమాట.

క్రీ.పూ. 167 ప్రాంతంలో ఈ ఆజ్ఞకు గట్టి పరీక్ష ఎదురైంది. నాలుగవ అంతియొకసు సైన్యం విశ్రాంతి దినాన దాడి చేస్తే, ఎడారిలో దాగిన యూదులు ఎదురు తిరగలేదు. స్త్రీలు, పిల్లలతో సహా వెయ్యిమంది దాకా చనిపోయారని మక్కబీయుల మొదటి గ్రంథం చెబుతుంది. ఆ వార్త విన్న మత్తతియ, అతని అనుచరులు కూర్చుని ఆలోచించి, ఇకమీదట ఆ రోజునైనా ఆత్మరక్షణకు పోరాడాలని తీర్మానించారు. ఆకాశవాణి ఏదీ వినిపించలేదు. శవాలను చూసిన మనుషులు చేసిన సవరణ అది.

తరువాత జరిగిందీ అంతే. గుంటలో పడిన పశువును ఆ రోజు పైకి తీయకూడదని దమస్కు పత్రం రాసిన వర్గం అంటే, గొర్రె పడితే మీలో ఎవరు తీయరు అని మత్తయి సువార్తలో యేసు అడుగుతాడు. అందరూ చదివింది ఒకే ధర్మశాస్త్రం! క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా పని అంటే ఏమిటో 39 రకాలుగా లెక్కగట్టింది. విత్తటం, ముడి వేయటం, రెండు అక్షరాలు రాయటం కూడా అందులో ఉన్నాయి. ఈ నియమాలకు గ్రంథాధారం స్వల్పమనీ, నియమాలు మాత్రం అనేకమనీ ఆ మిష్నాయే ఒప్పుకుంది. ప్రాణాపాయం ఉందన్న అనుమానం ఉన్నా చాలు, విశ్రాంతి దినాన్ని పక్కన పెట్టవచ్చనీ తేల్చింది.

ఆ ఆఖరి మాటను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయితే ఆ ఘనత ఎవరి ఖాతాలో జమ కట్టాలి? కట్టెలు ఏరినవాణ్ణి చంపించిన ఆజ్ఞ ఖాతాలోనా, ప్రాణం ముఖ్యమని దాన్ని సవరించుకున్న మనుషుల ఖాతాలోనా? గ్రంథంలో అక్షరం మారలేదు, మారింది మనిషి వివేకం. దాసుడికీ ఎద్దుకూ ఒకరోజు విశ్రాంతి కావాలన్నది మంచి ఆలోచనే. అది మంచిదని తెలుసుకోవటానికి రాళ్ల భయం అవసరం లేదు.