ఫైబ్రోస్కాన్

కాలేయంలో కొవ్వు ఎంత పేరుకుందో, కాలేయం ఎంత గట్టిపడిందో సూది గుచ్చకుండా కొలిచే పరీక్ష. ఫ్రాన్స్‌కు చెందిన ఎకోసెన్స్ సంస్థ 2003లో ఈ యంత్రాన్ని తెచ్చింది. అంతకుముందు ఫ్యాటీ లివర్ ఎంత ముదిరిందో తేల్చడానికి ప్రధానంగా బయాప్సీయే దిక్కు. అందులో తీసే ముక్క మొత్తం కాలేయంలో దాదాపు 50 వేలవ వంతు. పైగా నొప్పి, అరుదుగా రక్తస్రావం.

పరీక్షకు ముందు కనీసం 3 గంటలు ఏమీ తినకూడదు. రోగి వెల్లకిలా పడుకుని కుడిచేయి తల వెనక పెట్టుకుంటే పక్కటెముకల సందులో ప్రోబ్ ఆనిస్తారు. వేలితో తట్టినట్టు చిన్న కంపనం లోపలికి వెళుతుంది. కాలేయం ఎంత బిరుసైతే ఆ తరంగం అంత వేగంగా సాగుతుంది. కనీసం 10 కొలతలు తీసి, వాటి మధ్య విలువను కిలోపాస్కల్స్‌లో రాస్తారు. ఫ్యాటీ లివర్ ఉన్నవారికి 8 లోపు వస్తే ముదిరిన ఫైబ్రోసిస్ (కాలేయం గట్టిపడటం) ఉండే అవకాశం తక్కువ. కొవ్వు సంగతి ‘క్యాప్’ అనే వేరే అంకె చెబుతుంది. తిని వచ్చినా, హెపటైటిస్‌తో కాలేయం వాచినా బిరుసు ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ఒక్క రిపోర్టు చూసి బెంబేలెత్తనక్కర్లేదు.

యంత్రం అందుబాటులో లేనిచోట ఫిబ్-4 లెక్క ఉంది. వయసు, కాలేయ ఎంజైములైన ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లు తెలిస్తే చాలు. 1.3 లోపైతే ముప్పు తక్కువ, 2.67 దాటితే నిపుణుణ్ని కలవాలి. 65 ఏళ్లు పైబడినవారికి కింది హద్దు 2. మామూలు రక్తపరీక్షతోనే తేలే ఈ లెక్కను టైప్-2 మధుమేహం ఉన్న పెద్దలందరికీ వేయాలి.

ఎంఆర్ఐ పద్ధతులు మరింత కచ్చితం, ఖర్చూ ఎక్కువే. ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు, మరో కాలేయ జబ్బు అనుమానం ఉన్నప్పుడు బయాప్సీ ఇప్పటికీ అవసరమవుతుంది.