పేకాటకు కూర్చునే ముందు: నలుని కాలం నుండి నేటి దాకా

పేకాట మాటెత్తితే మన సభ్యుల్లో కొందరు ముఖం చిట్లిస్తారు, కొందరు ముసిముసిగా నవ్వుతారు. ఇద్దరికీ చెప్పదగిన విషయం ఒకటుంది. ఆటకు కూర్చునే ముందు ఒంటినీ మనసునూ సిద్ధం చేసుకోవాలన్న మాట ఈనాటిది కాదు.

జూదమనగానే మనకు ధర్మరాజు గుర్తుకు వస్తాడు. ఆయన పిలిచిందే తడవుగా వెళ్ళి కూర్చున్నాడు. నన్నయగారు తెనిగించిన నలోపాఖ్యానంలో నలుడూ మొదట అలాగే పుష్కరునికి రాజ్యం ఓడిపోయాడు. అయితే తరువాత ఋతుపర్ణుని వద్ద తాండ్రచెట్టు కింద అక్షహృదయం నేర్చుకున్నాడు. అది నేర్చాకే అతని ఒంట్లోని కలి వెళ్ళిపోయాడు. లెక్కా నిగ్రహమూ రెండూ కుదిరిన పిమ్మట పుష్కరుణ్ణి మళ్ళీ ఆటకు పిలిచి గెలిచాడు.

మన కాలానికి వస్తే, సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై 1963లో జరిగిన పోలీసు దాడి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లాగారు తీర్పు చెబుతూ, పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అన్నారు. మూడు ముక్కలాట అటువంటిది కాదన్నారు. ఆట పేరుతో క్లబ్బు లాభాలు గడిస్తే మాత్రం నేరమేనన్నారు. ఆ తరువాత 1974లో మన రాష్ట్రానికంతటికీ గేమింగ్ చట్టం వచ్చింది.

నేను గుమాస్తాగా తెనాలి, బాపట్ల, రేపల్లెలలో పనిచేశాను. అప్పుడు మూడూ గుంటూరు జిల్లావే. 2022 నుండి బాపట్ల వేరే జిల్లా అయింది, రేపల్లె అందులో చేరింది. ఆ ఊళ్ళలో సాయంత్రాలు పదమూడు ముక్కలాట చాలా చూశాను. బాగా ఆడేవారిలో కొన్ని లక్షణాలు కనిపించేవి. కడుపునిండా తిని కూర్చునేవారు కారు. గంటకోసారి లేచి వరండాలో నాలుగడుగులు వేసేవారు. ముక్కలు బాగా లేకపోతే మొదటే పడేసి 20 పాయింట్లతో బయటపడేవారు. పంతానికి పోయి 80 నెత్తిన వేసుకునేవారు కారు. తెనాలిలో ఆడే రేపల్లె వారికి ఆఖరి బండి ఉండేది. ఓడుతున్నా, గెలుస్తున్నా వేళకు లేవవలసిందే. ఆ బండి ఎందరి కాపురాలను నిలబెట్టిందో!

అమెరికాలో లాస్ వేగాస్ నగరంలో 1970లో మొదలైన ప్రపంచ పోకర్ పోటీలను 2003లో గెలిచింది క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు. ఆయనకు 25 లక్షల డాలర్లు వచ్చాయి. పెద్ద పోటీలు రోజుల తరబడి, రాత్రి పొద్దుపోయే దాకా సాగుతాయి. అందుకే అక్కడి ఆటగాళ్ళు నడక, నిద్ర, తేలిక భోజనం విషయంలో శ్రద్ధ తీసుకుంటారు. ఓడిన ఉడుకులో ఆడే ఆటకు వాళ్ళు ‘టిల్ట్’ అని పేరు పెట్టారు. మనవాళ్ళు ‘పోయింది రాబట్టుకోవడం’ అనేది అదే. ఎంతవరకు పోతే లేవాలో ఇంటి దగ్గరే నిర్ణయించుకుని రావడం వారి మొదటి పాఠం.

ఈ మాటలన్నీ ఇప్పుడెందుకంటే, సెల్‌ఫోన్ రమ్మీ వచ్చాక ఆఖరి బండి లేకుండా పోయింది. ఎదుట మిత్రుడు లేడు, దీపాలార్పే వాచ్‌మన్ లేడు. నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి రాత్రిళ్ళు నిద్ర మాని ఆడి, గ్రాట్యుటీ సొమ్ములో చాలా భాగం పోగొట్టుకున్నారు. కూతురి పెళ్ళికని దాచిన డబ్బది. మన రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యం ఉన్నా లేకున్నా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం ఫోన్లకు తాళం వేయగలదేమో గాని, ‘ఇంకొక్క ఆట’ అనే మనసుకు తాళం మనమే వేసుకోవాలి.

డెబ్బై దాటిన మనకు జ్ఞాపకశక్తికి పేకముక్కలు మంచి కసరత్తే. పందెం లేకుండా ఆడుకుందాం. బి.పి. మాత్ర వేసుకుని, కాస్త నడిచి వచ్చి, లేచే వేళ ముందే ఇంట్లో చెప్పి మరీ కూర్చుందాం.