రామమాడలు, అష్రఫీలు, సవరన్లు

మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయండి అని సంపాదకులు అడిగినప్పుడు, గుడి గురించో గోదావరి గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. ట్రెజరీలో ముప్పై మూడేళ్ళు పని చేసినవాణ్ణి, నాకు తెలిసిన చరిత్ర డబ్బు చరిత్రే. పైగా ఈ మధ్య మన సభ్యులు ఇద్దరు ముగ్గురు, కమ్యుటేషన్ సొమ్ములో కొంత బంగారు నాణేల మీద పెట్టాలనుకుంటున్నామనీ, విడి నాణేలు కొనాలా, సెట్టుగా కొనాలా చెప్పమనీ అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు మన ఖమ్మం - భద్రాచలం అడవి అంచుల చరిత్రలోనే చాలావరకు ఉన్నది.

ముందు ఒక చిన్న సంగతి. మా చిన్నప్పుడు గోదావరికి ఇవతలి ఒడ్డున పెళ్ళి మాటల్లో "ఎన్ని తులాలు పెడతారు?" అనేవారు. అవతలి ఒడ్డున భద్రాచలం వైపు, తూర్పు గోదావరి సంబంధాలు ఉన్నవాళ్ళు "ఎన్ని కాసులు?" అనేవారు. తులం పాత లెక్కలో పదకొండున్నర గ్రాములకు పైచిలుకు, ఇప్పుడు పది గ్రాములు. కాసు అంటే ఎనిమిది గ్రాములు. ఈ ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చిందంటే ఇంగ్లీషు వారి సవరను నుంచి. దాని తూకం 7.98 గ్రాములు. ఒక నది అడ్డం వచ్చినందుకు రెండు కొలతలు ఎందుకయ్యాయో తర్వాత చెబుతాను.

మన జిల్లాలో బంగారు నాణెం అనగానే గుర్తుకు వచ్చేది రామమాడ. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న గారు గోల్కొండ సర్కారులో పాల్వంచ తహసీల్దారు. మన భాషలో చెప్పాలంటే ప్రభుత్వోద్యోగి. మేనమామలు అక్కన్న, మాదన్నలు అబుల్ హసన్ తానీషా (1672-87) కొలువులో పెద్ద పదవుల్లో ఉన్నవారు. గోపన్న గారు వసూలైన శిస్తు సర్కారు ఖజానాకు కట్టకుండా భద్రాద్రి గుడికి వెచ్చించారు, చెరసాల పాలయ్యారు. చెరలో ఆయన చెప్పిన కీర్తనల్లో ఒకదానిలో ఏ నగకు ఎంత అయిందో పద్దు వారీగా చెప్పుకుంటారు. నాకు అది వింటే ఆడిట్ అభ్యంతరానికి రాసిన సమాధానమే అనిపిస్తుంది. భక్తులు క్షమించాలి, వృత్తి బుద్ధి పోదు.

ఆయన బాకీ ఆరు లక్షల వరహాలని ప్రసిద్ధి. వరహా తూకం సుమారు 3.4 గ్రాములు. గుణిస్తే రెండు వేల కిలోలు దాటుతుంది, అంటే రెండు టన్నుల బంగారం. ఇంకో విధంగా చూడండి. 1636లో షాజహాన్‌తో చేసుకున్న ఒప్పందం ప్రకారం గోల్కొండ మొగలులకు ఏటా కట్టవలసిన కప్పం రెండు లక్షల వరహాలు. మనం కథగా చెప్పుకునే ఆరు లక్షలు ఒక రాజ్యం మూడేళ్ళ కప్పం! ఒక్క పరగణా శిస్తులో అంత మిగిలిందా అని అడగకండి, కథకు కథ లెక్క, ఖజానాకు ఖజానా లెక్క. కానీ ఆ కథలో రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు యువకులు రాత్రివేళ వచ్చి మాడలు కుప్పపోసి, తానీషా దగ్గర రసీదు పుచ్చుకొని మరీ వెళ్ళారు చూశారా, అది మాత్రం ఏ ట్రెజరీవాడైనా మెచ్చుకోవలసిన పని. ఆ మాడల్లో రెండింటిని గుర్తుగా ఉంచారని, అవే ఆలయంలో ఉన్నాయని సంప్రదాయం.

మాడ అనే మాట రామదాసు గారి కంటే చాలా పాతది. కాకతీయుల శాసనాల్లో గద్యాణం, మాడ, రూక కనబడతాయి. కుతుబ్ షాహీలు తమ పేర రాగి నాణేలు వేయించారు, బజారులో బంగారం మాత్రం విజయనగరం తరహా వరహాలుగా నడిచింది. అందుచేత గోల్కొండ కాలపు బంగారు నాణెం అంటే పెద్ద బిళ్ళ కాదు, చిటికెన వేలి గోరంత వరహా.

మరి పట్టాభిషేకం బొమ్మతో, వెనక విల్లంబులు పట్టిన రామలక్ష్మణులతో అరచేతి నిండా కనబడే బిళ్ళలేమిటి? వాటిని రామటంకాలంటారు. దేశమంతటా పుణ్యక్షేత్రాల్లో పూజకు, దానానికి చేయించుకున్న ముద్రలవి. ఏ ప్రభుత్వమూ చెలామణికి వేసినవి కావు. బంగారంవి ఉన్నాయి, వెండివి ఉన్నాయి, నీళ్ళు పోసిన రాగివి లెక్కలేనన్ని ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ 1818లో వేసిందని చెప్పి అమ్మే రాగి రాముడి కాసులు కూడా ఈ కోవలోవే, కంపెనీ రాముడి బొమ్మతో నాణెం వేయలేదు. సీతారాముల బొమ్మతో నిజంగా నాణెం వేయించిన చక్రవర్తి అక్బరు. అది 1604-05 నాటి మాట. నాగరి లిపిలో 'రామ సియ' అని రాసి ఉన్న ఆ అర మొహరీలు ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి.

ఇదంతా ఎందుకంటే, మా ఆఫీసులోనే పని చేసిన ఒక మిత్రుడు పదవీ విరమణ చేసిన రెండో నెలలో నా దగ్గరకు వచ్చి జేబురుమాలు విప్పాడు. నాలుగు బిళ్ళలు. "రామదాసు కాలం నాటి సెట్టు అన్నా, అడవిలో ఒక ఇంట్లో దొరికిందట. నాలుగూ కలిపితేనే ఇస్తారట" అన్నాడు. అడిగిన ధర వాళ్ళమ్మాయి పెళ్ళికి దాచిన గ్రాట్యుటీ మొత్తానికి కాస్త తక్కువ, బయానా అప్పటికే ఇచ్చేశాడు. ఒక బిళ్ళ మీద సంవత్సరం ఇంగ్లీషు అంకెల్లో ఉంది. "తానీషా టంకసాలలో ఇంగ్లీషు అంకెలు ఎవరు చెక్కారు తమ్ముడూ?" అని అడిగాను. కంసాలి దగ్గరకు తీసుకెళ్ళి గీటురాయి మీద గీయించాం. పైపూత గీటు దాటగానే ఎర్రగా రాగి. మిగతా సొమ్ము నిలిచింది, బయానా తిరిగి రాలేదు. సెట్టు అనే మాటకు ఎంత బలం ఉందో చూడండి. విడి బిళ్ళ అయితే వాడు తూకం వేయించేవాడు. నాలుగూ కలిస్తే చరిత్ర అనుకొని తూకం మరిచిపోయాడు.

ఇప్పుడు నది సంగతి. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను, భద్రాచలంతో సహా, ఇంగ్లీషువారికి ఒప్పగించాడు. అవి మొదట సెంట్రల్ ప్రావిన్సులలో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిశాయి. బూర్గంపాడు వైపు నిజాం రాజ్యం. అంటే పడవ దాటితే రూపాయి మారిపోయేది. ఇవతల హాలీ సిక్కా, అవతల కలదారు. వంద కలదార్లకు సుమారు 116 హాలీ రూపాయల పది అణాలు, అంటే ఆరుకు ఏడు. రామనవమికి వెళ్ళే యాత్రికుడు కానుక వేసే ముందే మారకం లెక్క చూసుకోవాలి. గోదావరి మీద వంతెన 1965లో గాని రాలేదు, 1959లో గాని భద్రాచలం ఖమ్మం జిల్లాలోకి రాలేదు. తులం, కాసు అనే రెండు మాటలు రెండు ఒడ్డుల్లో నిలిచిపోవడానికి కారణం ఇదే.

నిజాం బంగారు నాణెం అష్రఫీ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మహబూబ్ అలీ ఖాన్ హయాంలో సైఫాబాద్ టంకసాలలో యంత్రం మీద చార్మినార్ బొమ్మతో వచ్చాయి. తూకం 11.18 గ్రాములు, నూటికి 91 పాళ్ళ బంగారం. అర, పావు, అరపావు అష్రఫీలు కూడా ఉన్నాయి. చార్మినార్ ద్వారంలో చిన్న అక్షరం ఉంటుంది, మహబూబ్ పాషా నాణెమైతే 'మీమ్', ఉస్మాన్ అలీ ఖాన్‌ది అయితే 'ఐన్'. ఒక వైపు హిజ్రీ సంవత్సరం, మరో వైపు పాలనా సంవత్సరం చదవగలిగితే చాలు. అసలైన సెట్టు అంటే ఇదీ. ఒకే పాలనలో, ఒకే టంకసాలలో పోసిన నాలుగు విలువలూ ఒకచోట చేరడం. ముఖ్యంగా చిన్నవి పండుగలకూ నజరానాలకూ చేతులు మారి, కరిగి, అరిగి పోయాయి. నాలుగూ మంచి స్థితిలో కలిస్తే నాలుగింటి విడి ధరల మొత్తం కంటే ఎక్కువ ఇచ్చేవారుంటారు. అయితే ఆ ఎక్కువ ఇచ్చేవాడు దొరికేదాకా ఆగే ఓపిక, ఆరోగ్యం మనకు ఉండాలి. ఆసుపత్రి ఖర్చుకు అర్ధరాత్రి అమ్మవలసి వస్తే ఖమ్మం బజారులో సెట్టుకూ తూకం ధరే.

సవరను కథ వేరు. ఇది అందరికీ తెలిసిన నాణెం, 22 కారట్లు, అందులో 7.32 గ్రాముల మేలిమి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బంగారం ఓడల మీద రావడం కష్టమై, 1918లో బొంబాయిలోనే లండన్ టంకసాల శాఖ పెట్టి 12,95,372 సవరన్లు ముద్రించారు. గుర్రం మీది వీరుడి కింద, సంవత్సరం అంకెలకు పైన నేల గీత మధ్యలో చిన్న 'ఐ' అక్షరం ఉంటే అది బొంబాయిది. మీ ఇంట్లో సవరను ఉంటే భూతద్దంతో ఒకసారి చూడండి.

1927 చట్టంలో సవరను విలువ 13 రూపాయల 5 అణాల 4 పైసలు, తులం మేలిమి 21 రూపాయల 3 అణాల 10 పైసలు. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణం వదలగానే ధర ఎగిరింది. ఆర్థిక మాంద్యంలో పంటకు ధర లేక, శిస్తు కట్టలేక రైతులు పెట్టెల్లోని బంగారం తీసి అమ్మారు, అది ఓడలకెక్కి విదేశాలకు పోయింది. అప్పుడు అమ్మకుండా మిగిలినవే మన తల్లుల కాసులపేర్లు.

మా అమ్మ కాసులపేరు మా ముగ్గురు అక్కలకు పంచినప్పుడు నేనే తక్కెడ పట్టుకున్నాను. తూకం సమంగానే వచ్చింది. పెద్దక్క తన వాటా కరిగించి గాజులు చేయించుకుంది, చిన్నక్క బ్యాంకులో కుదువపెట్టి కొడుకును చదివించింది, నడిపక్క మాత్రం తనకు వచ్చినవి అలాగే ఉంచింది. పోగుచేసేవాళ్ళు ఆ నాణేలు చూసి పెదవి విరిచారు. ప్రతిదానికీ పైన లంకె అతికించి ఉంది కదా! అతుకు పడిన నాణెం వారికి నాణెం కాదు, బంగారం ముక్క. నడిపక్క నవ్వి "నేను అమ్ముతానని ఎవరన్నారు?" అంది.

1963 జనవరిలో బంగారం అదుపు నిబంధనల కింద 14 కారట్లకు మించి కొత్త నగలు చేయరాదన్నారు. 1966లో ఆ పరిమితి ఎత్తివేసేలోగా ఎందరో కంసాలి కుటుంబాలు వీధిన పడ్డాయి. 1968 చట్టం వచ్చి కడ్డీలు ఇంట్లో ఉంచుకోరాదంది, 1990లో గాని అది రద్దు కాలేదు. తర్వాత బ్యాంకులు బిళ్ళలు అమ్మాయి, కానీ తిరిగి కొనవు. 2015 నవంబరులో కేంద్ర ప్రభుత్వం అశోకచక్రం, గాంధీగారి బొమ్మలతో నాణెం తెచ్చింది. 2017 జూలై నుంచి కొనుగోలు మీద 3 శాతం జి.ఎస్.టి. ఉంది. కొన్న రోజే అంత తరుగు అని లెక్క వేసుకొని కొనాలి.

కనుక నన్ను అడిగిన మిత్రులకు నా మాట ఇది. దాచుకునేందుకైతే విడి నాణేలు, రెండు గ్రాములవీ అయిదు గ్రాములవీ, బిల్లుతో కొనండి. అవసరానికి ఒక్కటి అమ్మితే సరిపోతుంది, సెట్టు విరగదు. సరదాకైతే సెట్టు కట్టండి. కానీ పెన్షన్‌లో ఇంటి ఖర్చు పోను మిగిలినదానితో, ఏళ్ళ తరబడి, ఒక్కొక్కటిగా. ఒకేసారి ఎవరైనా పూర్తి సెట్టు మీ గుమ్మంలోకి తెస్తే కంసాలి దగ్గరకు నడిపించండి. పొలంలో దొరికిందంటే అసలే ముట్టుకోకండి. 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరుకు తెలపాలి. నూరేళ్ళు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, దేశం దాటించకూడదు. అమెరికాలోని మనవలకు తాతగారి అష్రఫీ పంపాలనుకునేవారు ఇది గమనించాలి.

ఇంకొక్కటి. ఇంట్లో ఉన్న ప్రతి నాణెంతో పాటు ఒక చీటీ ఉంచండి. నాణెం పేరు, సంవత్సరం, తూకం, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది. మా స్ట్రాంగ్ రూములో రెండు తాళాల వెనక సీలు వేసిన పెట్టెలు ఎన్నో ఉండేవి. చీటీ ఉన్న పెట్టెను వారసులు వచ్చి తీసుకెళ్ళేవారు. చీటీ చెరిగిపోయినవి మేము ఒకరి నుంచి ఒకరం చార్జి తీసుకుంటూ, లెక్క రాసుకుంటూ అలాగే ఉంచాము. హైదరాబాదు వెళ్ళేవారు సైఫాబాద్‌లో 2022లో తెరిచిన టంకసాల మ్యూజియం చూడవచ్చు, అష్రఫీలు పోసిన టంకసాల అదే.